అంతర్జాతీయ సంబంధాల పాఠం: నా నోట్సు 1979 దగ్గర ఆగిపోయింది

గుంటూరులో ఒక డిగ్రీ కళాశాలలో రాజనీతిశాస్త్రం చెబుతాను. ఈ ఏడాది అంతర్జాతీయ సంబంధాల పేపరు నా నెత్తిన పడింది. చేతికొచ్చిన పాత నోట్సులో సోవియట్ యూనియన్ ఇంకా బతికే ఉంది! దేశాలు అధికారం కోసమే పోటీ పడతాయనే మోర్గెంథావ్ వాస్తవికవాదం, ఆ పోటీకి మూలం పైన ఏ పాలకుడూ లేని ప్రపంచ వ్యవస్థ నిర్మాణమే అనే 1979 నాటి వాల్ట్జ్ నిర్మాణాత్మక వాస్తవికవాదం, అంతే.

మొన్న అదే చెబుతుంటే వెనక బెంచీలో ఒక అమ్మాయి లేచింది. వాళ్ల నాన్న మిర్చి రైతు. "మేడమ్, చైనా కొనుగోళ్లు తగ్గితే మన యార్డులో తేజ రకం ధర పడిపోతుంది. అది ఈ సిద్ధాంతంలో ఎక్కడ వస్తుంది?" అని అడిగింది. తడబడ్డాను. దేశాలు ఒకదానిపై ఒకటి ఆధారపడటం, అంటే పరస్పర ఆధారితత్వం గురించి కియోహేన్, నై అనే పండితులు 1977లోనే రాశారని ఇంటికి వెళ్లాక గుర్తొచ్చింది. సిగ్గేసింది.

పాశ్చాత్య అనుభవమే కొలమానంగా ఉన్న ఈ శాస్త్రాన్ని విస్తరించాలని ఈ రంగంలో పండితుడైన అమితవ్ ఆచార్య 2014లో గట్టిగా వాదించారు. తోటి అధ్యాపకులారా, ఆ మార్పు మీ తరగతి గదుల్లోకి వచ్చిందా? పొరుగు రాజ్యం శత్రువు, దాని అవతలిది మిత్రుడు అనే కౌటిల్యుడి మండల సిద్ధాంతాన్ని దండ వేసి పక్కన పెట్టకుండా నిజంగా పాఠంలో వాడినవారు ఎవరైనా ఉన్నారా?

ఇంకొకటి. దేశాల మధ్య స్నేహం, శత్రుత్వం వాటి ఆలోచనల నుంచి, పరస్పర వ్యవహారం నుంచి రూపుదిద్దుకుంటాయని వెండ్ట్ చెప్పిన నిర్మాణవాదాన్ని తెలుగు మాధ్యమం పిల్లలు వాల్ట్జ్‌ నిర్మాణాత్మక వాస్తవికవాదంతో కలిపేస్తున్నారు. తప్పు వాళ్లది కాదు, మాటలది. మీరు వేరే పదం ఏదైనా వాడుతున్నారా?