ఏజెన్సీ ఆస్పత్రి స్టాఫ్‌కి ‘ఆచార వ్యవహారాల’ ట్రైనింగ్ పెట్టమన్నారు, ఏం చెప్తే పనికొస్తుంది?

లేబర్‌రూమ్_సరళ
అందరికీ నమస్తే. గోదావరి ఏజెన్సీలో స్టాఫ్ నర్స్‌ని. గిరిజన పేషెంట్లతో ఎలా మెలగాలో స్టాఫ్‌కి ఒక పూట క్లాస్ పెట్టమని పైనుంచి ఆర్డర్ వచ్చింది, ఆ పని నా నెత్తిన పడింది. పాత క్లాసు స్లైడ్లు తీసి చూస్తే ‘కోయలు ఇలా నమ్ముతారు, కొండరెడ్లు ఇలా తింటారు’ అని ఒక జాబితా, ఆఖర్న ‘వారి ఆచారాలను గౌరవించండి’. సరే, గౌరవిస్తాం. కానీ అర్ధరాత్రి లేబర్ రూమ్‌లో నేను చేయాల్సిందేమిటో అందులో ఎక్కడా లేదు. మా దగ్గర అసలు తలనొప్పి ఏంటంటే, డేట్ దగ్గరపడ్డవాళ్ళని బతిమాలి బర్త్ వెయిటింగ్ రూమ్‌కి తెస్తే తెల్లారేసరికి మంచం ఖాళీ. ‘వాళ్ళ మూఢనమ్మకాలు అంతే’ అని మావాళ్ళు తేల్చేశారు. మీ అనుభవంలో ఏం పనిచేసిందో చెప్పండి.

కోయ_ఏఎన్ఎం
సిస్టర్, నేనూ కోయ ఇంటి ఆడపిల్లనే కాబట్టి మొహమాటం లేకుండా చెప్తాను. వెళ్ళిపోయేవాళ్ళలో ఎక్కువమందికి నమ్మకాలతో సంబంధం లేదు. ఇంట్లో చిన్నపిల్లలు, మేకలు, పోడు పని ఉంటాయి, తోడొచ్చిన అత్తకి మీ దగ్గర పడుకోను చోటుండదు, తిండికి చేతిలో డబ్బులుండవు, ఇక రాక రాక వచ్చిన బండి తప్పిపోతే మళ్ళీ ఎప్పుడో. ఇవన్నీ ‘సంస్కృతి’ అని రాసేస్తే ఆస్పత్రి మారక్కర్లేదు కదా, అందుకే ఆ మాట అందరికీ తేలిగ్గా నోట్లోకి వస్తుంది.

నిజంగా ఆచారం అడ్డొచ్చేవీ లేకపోలేదు. ముందు వడ్డె (మా పూజారి) దగ్గరికి వెళ్ళి వస్తారు. మీరు గదమాయిస్తే ఆ సంగతి మీకు చెప్పరు, అంతే తేడా. ‘వెళ్ళి రండి, కానీ రక్తం పోయినా, ఫిట్స్ వచ్చినా ముందు ఇక్కడికే’ అంటే వింటారు. నేను అలాగే చెప్తాను.

థియేటర్_సిస్టర్
పై పాయింట్‌కి వంద లైకులు. ఇంకోటి, ఇది అడవిలోనే కాదు విజయవాడలోనూ ఉంది: ఆపరేషన్‌కి తీసుకెళ్ళే ముందు తాయెత్తు, మొలతాడు కత్తెర పెట్టి టకామని కోసేయడం. అడగరు, చెప్పరు, ముక్క చెత్తబుట్టలో వేసేస్తారు. కాటరీ (కరెంటు వేడితో కోసి రక్తం ఆపే పరికరం) వాడేచోట లోహం ఉంటే కాలే ప్రమాదం ఉంది కాబట్టి తీయడం కరెక్టే. కానీ పుస్తెలు తీయించేటప్పుడు పసుపుకొమ్ము కట్టిన దారం మెడలో వేస్తాం కదా, ఎవరూ గొడవ చేయరు. మనకి తెలిసిన ఆచారమైతే దారి వెతుకుతాం, తెలియనిదైతే కత్తెర వెతుకుతాం. తాయెత్తు విప్పి, కవర్లో వేసి, వాళ్ళ అమ్మ చేతికిస్తే సరిపోతుంది. నిమిషం కూడా పట్టదు.

హౌస్‌సర్జన్99
మాకు 2019 బ్యాచ్ నుంచి సిలబస్‌లో ఎట్‌కామ్ అని పెట్టారు, ప్రవర్తన, నైతికత, మాట్లాడే పద్ధతి మీద. క్లాసులో రోల్ ప్లే చేస్తాం, అందరం నవ్వుకుంటాం, లాగ్‌బుక్‌లో సంతకం పడుతుంది. వార్డులో సీనియర్ ‘ఏయ్ ముసలమ్మా, ఇటు జరుగు’ అంటాడు, మేమూ అదే నేర్చుకుంటాం.

పాతబస్తీ_పీజీ
హైదరాబాద్‌లో నా అనుభవం. రంజాన్‌లో షుగర్ పేషెంట్‌కి ‘ఉపవాసం వద్దు’ అని ఒక్క ముక్క చెప్పి పంపేస్తే ఆయన తలూపి వెళ్ళి, మాత్రలు తనకి తోచినట్టు మార్చుకుని ఉపవాసం ఉంటాడు. మా యూనిట్‌లో మేడమ్ నెల ముందే అడగమంటారు: ఉంటారా, పోయినేడు ఏమైంది, సహరీకి (తెల్లవారుజామున ఉపవాసం మొదలయ్యే ముందు) ఏం తింటారు. దాన్నిబట్టి ఇన్సులిన్, మాత్రల టైములు, డోసులు ఆవిడే మారుస్తారు, రిస్క్ ఎక్కువున్నవాళ్ళకి వద్దని గట్టిగానే చెప్తారు. షుగర్ 70 కంటే దిగినా, 300 దాటినా ఆ రోజు విరమించాలని ముందే ఒప్పందం. వేలికి సూది గుచ్చి చూసుకుంటే ఉపవాసం పోదని ఇమామ్ చేత చెప్పిస్తే మనం పదిసార్లు చెప్పినదానికంటే బాగా ఎక్కుతుంది. అలాగని ముస్లిం పేరు కనబడగానే ఉపవాసం ఉంటారని అనుకోవద్దు, ఉండనివాళ్ళూ ఉన్నారు. అడగాలి, అంతే.

డల్లాస్_ఉష
ఇక్కడ ఆస్పత్రిలో పనిచేస్తున్నాను. ఏటా కంప్యూటర్‌లో మాడ్యూల్ క్లిక్ చేసుకుంటూ పోవడమే, ‘ఆసియా రోగులు కళ్ళలోకి చూడరు’ లాంటి వాక్యాలు చదివి నాకే నవ్వొచ్చింది, మా నాన్నతో ఎవరైనా కళ్ళు కలిపి గెలవగలరా అసలు! కానీ పనికొచ్చేది ఒకటుంది: ఎమర్జెన్సీ అయితే తప్ప చిన్నపిల్లల చేత అనువాదం చేయించకూడదని రూల్. ఫోన్‌లోనో వీడియోలోనో తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని పిలవాలి. బామ్మకి గర్భసంచి సమస్య అయితే మనవడి ముందు ఏం చెప్తుంది చెప్పండి? మీ దగ్గర ఆ పని ఎవరు చేస్తున్నారు సరళా?

లేబర్‌రూమ్_సరళ
స్వీపరమ్మ అక్కా. ఆవిడకి కోయ వచ్చు. డ్యూటీ అయిపోతే ఇక మా అందరివీ సైగలే.

కోయ_ఏఎన్ఎం
అయితే ఆవిడని క్లాసులో ముందు వరసలో కూర్చోబెట్టి చెప్పించండి, ఆ పనికి డబ్బులూ ఇప్పించండి. ఒక ఆశ కార్యకర్తని, మీ దగ్గరే కాన్పయిన ఒక తల్లిని కూడా పిలవండి, కూలి పోతుంది కాబట్టి ఆ రోజు కూలి ఇవ్వండి. ఇంకో మాట, కాన్పు గదిలో తోడు మనిషిని ఉండనివ్వమని సర్కారు ఆస్పత్రుల కాన్పు గదులు బాగుచేయడానికి కేంద్రం 2017లో తెచ్చిన ‘లక్ష్య’ మార్గదర్శకాల్లోనే ఉంది. మీ తలుపు దగ్గర ‘లోపలికి ప్రవేశం లేదు’ బోర్డు ఉంటే ముందు అది తీయించండి.

లేబర్‌రూమ్_సరళ
బోర్డు ఉంది. ఎర్ర అక్షరాలతో. సూపరింటెండెంట్ గారు కూడా క్లాసులో కూర్చుంటేనే పెడతానని రేపు చెప్తాను. అత్తలకి పడుకోను వరండాలో చాపలు, రాత్రి భోజనానికి ఒక ప్లేటు అదనంగా అడుగుతున్నాను. డైట్ కాంట్రాక్టర్ ఒప్పుకుంటాడా లేదా అన్నదే అనుమానం, ఎవరైనా ఇప్పటికే ఇప్పించుకుని ఉంటే ఏ పద్దు కింద రాశారో చెప్పండి.