జపాన్ నుంచి దిగుమతైన సెకండ్ హ్యాండ్ కారు: కొనేముందు ఏమేం చూడాలి?

తొలికారు:

అందరికీ నమస్కారం. జపాన్ నుంచి ఓడలో వచ్చిన టయోటా ఆక్వా ఒకటి చూశాను. 2015 మోడల్, హైబ్రిడ్. ఓడోమీటర్ మీద 62,000 కిలోమీటర్లు ఉంది. బయటా లోపలా తళతళలాడుతోంది, సీట్ల మీద మరక కూడా లేదు. డీలర్ ఆక్షన్ షీట్ (జపాన్ వేలంలో బండిని తనిఖీ చేసి రాసే కాగితం) కాపీ చూపించాడు. అంతా జపనీస్‌లో ఉంది, బండి స్థితికిచ్చే గ్రేడు 4.5 అన్నది తప్ప నాకేమీ అర్థం కాలేదు. "ఇంకేం చూస్తారండీ, షీట్ ఉందిగా" అంటున్నాడు.

పిల్లల్ని బడికి దింపి నేను ఆఫీసుకు వెళ్లడానికి రోజూ వాడే బండి ఇది. కారు నడపడం వచ్చు గానీ బానెట్ ఎత్తితే ఏది ఏమిటో తెలియదు. తెలిసిన మెకానిక్‌ని వెంట తీసుకెళ్తే సరిపోతుందా? ఈ జపాన్ బండ్లకు ప్రత్యేకంగా చూడాల్సినవి ఏమైనా ఉన్నాయా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, అడ్వాన్స్ ఇవ్వాలంటే టెన్షన్‌గా ఉంది.

పానాపట్టినవాడు:

తమ్ముడూ, అడ్వాన్స్ ఆపు. ముందు ఆ షీట్ సంగతి తేల్చుకో.

నేను చాలా ఏళ్లుగా ఈ బండ్లే విప్పుతున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది డబ్బు కట్టేశాక వస్తారు. అప్పుడు నేను చెప్పేది విని బాధపడటం తప్ప చేయగలిగేదేమీ ఉండదు. నువ్వు ముందే అడిగావు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

జపాన్‌లో పాత కార్లు ఎక్కువగా యూఎస్ఎస్, టీఏఏ, జేయూ లాంటి ఆక్షన్ హౌస్‌ల ద్వారా చేతులు మారతాయి. అక్కడి ఇన్‌స్పెక్టర్ అమ్మేవాడి మనిషీ కాదు, కొనేవాడి మనిషీ కాదు. అందుకే అతను రాసిన షీట్‌కి అంత విలువ. అయితే ఆ విలువ ఒరిజినల్‌కే. కాపీలో 3.5ని 4.5 చేయడానికి, మైలేజీలో ఒక అంకె మార్చడానికి ఎంతసేపు పడుతుంది? చాసిస్ నంబరు (బండి గుర్తింపు నంబరు) రాసుకుని, ఆక్షన్ రికార్డులు చూసిపెట్టే సర్వీసుకి నువ్వే డబ్బు కట్టి షీట్ తెప్పించుకో. డీలర్ తెప్పించి ఇస్తానన్నా వద్దు. నంబరు ఇవ్వడానికే డీలర్ నసిగితే ఇక ఆ బండి దగ్గర నిలబడకు.

జపాన్‌లో అమ్మే బండ్లకు మిగతాచోట్ల ఉండే 17 అక్షరాల నంబరు ఉండదు. మోడల్ కోడ్, గీత, ఆ తర్వాత వరస నంబరు, అంతే. నీ ఆక్వాకి ఎన్‌హెచ్‌పీ10 (NHP10)తో మొదలవ్వాలి. బండికి బిగించిన చాసిస్ ప్లేటు మీద ఉన్న నంబరుతో సరిపెట్టుకోకు. బాడీ లోహం మీద చెక్కిన నంబరు ఎక్కడుందో అడిగి చూసి, రెండూ కాగితాల్లో ఉన్నదీ ఒకటేనా అని కళ్లారా పోల్చుకో.

షీట్ వచ్చాక గ్రేడు కన్నా కింద ఉండే కారు బొమ్మ చూడు. అసలు విషయం అక్కడుంటుంది. ఏ (A) అంటే గీత, యు (U) అంటే సొట్ట, డబ్ల్యూ (W) అంటే రిపేరు చేసి రంగు వేసిన జాడ, ఎస్ (S) అంటే తుప్పు, ఎక్స్‌ఎక్స్ (XX) అంటే ఆ భాగం మార్చేశారని. పక్కన 1 నుంచి 3 దాకా అంకె ఉంటుంది, పెరిగేకొద్దీ దెబ్బ పెద్దది. గ్రేడు స్థానంలో ఆర్ (R) గానీ ఆర్ఏ (RA) గానీ ఉంటే యాక్సిడెంట్ అయి బండి చట్రం భాగాలకు రిపేరు జరిగిన బండి. ఒకటి గుర్తుంచుకో, బోల్టులతో బిగించే బానెట్, ఫెండర్, డోర్లు మార్చినంత మాత్రాన జపాన్ లెక్కలో అది యాక్సిడెంట్ బండి కాదు. "యాక్సిడెంట్ లేదు" అని డీలర్ చెప్పేది అబద్ధం కాకపోవచ్చు, అయినా ముందు భాగం మొత్తం మారి ఉండొచ్చు.

షీట్ పట్టుకుని బండి చుట్టూ తిరుగు. పగటి వెలుగులో చూడు, తడి ఆరాక చూడు. ఫెండర్ బోల్టు తలల మీద రంగు చెదిరిందంటే పానా పడిందన్నమాట. డోరు రబ్బరు కొద్దిగా లాగితే లోపల రంగు అంచు గట్టులా తగులుతుందేమో వేలితో తడిమి చూడు. షీట్‌లో డబ్ల్యూ2 ఉన్న డోరుకి ఆ జాడ కనబడితే మంచిదే, ఇన్‌స్పెక్టర్ చెప్పింది నిజమని తేలింది. షీట్‌లో ఏ గుర్తూ లేనిచోట కొత్త రంగు కనబడితే మాత్రం ఆ దెబ్బ ఆక్షన్ తర్వాత తగిలింది. ఓడలోనో, రేవులోనో, ఈ యార్డులోనో. దానికి ఏ కాగితమూ ఉండదు, డీలర్ నోటితో చెప్పాల్సిందే.

మైలేజీకి ఇంకో ఆధారం ఉంది. జపాన్‌లో కొత్త కారుకి మూడేళ్లకు, ఆ తర్వాత రెండేళ్లకోసారి షాకెన్ అనే తనిఖీ తప్పనిసరి. ఆ తనిఖీ రికార్డులో ఓడోమీటర్ రీడింగ్ నమోదవుతుంది. ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ మీదా ఉంటుంది. దాన్ని ఇవ్వమను. డ్రైవర్ డోరు తీస్తే పక్క స్తంభం మీద ఆయిల్ మార్చిన స్టిక్కర్ ఉందేమో కూడా చూడు. తేదీలు వాళ్ల చక్రవర్తుల పాలనా కాలాల లెక్కలో ఉంటాయి, హేసే 27 అంటే 2015, రేవా 1 అంటే 2019. స్టిక్కర్ మీద 80,000 ఉండి మీటరు మీద 62,000 ఉంటే ఇక మాట్లాడుకోవడానికేమీ లేదు.

హైబ్రిడ్ ఇల్లాలు:

పైన అన్నయ్యగారు బాడీ గురించి చెప్పారు, నేను హైబ్రిడ్ సంగతి చెప్తాను. మా ఇంట్లో ఆక్వానే వాడుతున్నాం.

పెద్ద బ్యాటరీ వెనక సీటు కింద ఉంటుంది. దాన్ని చల్లబరిచే ఫ్యాను గాలి పీల్చుకునే జాలీ ఆ సీటు దగ్గరే ఉంటుంది. మోకాళ్ల మీద కూర్చుని టార్చి వేసి చూడండి. దుమ్ము, కుక్క వెంట్రుకలు అట్టకట్టి ఉంటే ఆ బ్యాటరీ చాలాకాలం వేడిలో మగ్గినట్టే. స్కానర్ (బండి కంప్యూటర్‌ని చదివే పరికరం) పెట్టి బ్యాటరీలోని ఒక్కో బ్లాకు వోల్టేజీ చూడమనండి, బండి కదులుతున్నప్పుడు. నిలబెట్టి చూస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి. ఒక బ్లాకు మిగతావాటికన్నా బాగా పడిపోతూ ఉంటే వదిలేయండి.

బ్రేకు కూడా చూడండి. బండి ఆన్‌లో పెట్టి, పెడల్ తొక్కకుండా నిశ్శబ్దంగా కూర్చోండి. బ్రేకు పంపు కొన్ని సెకన్లకోసారి దానంతటదే మోగుతుంటే ప్రెషర్ నిలవడం లేదని అర్థం. అది ఖరీదైన రిపేరు.

ఇంకొకటి, ఎవరూ అడగరు గానీ నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది రీకాల్, అంటే లోపమున్న బండ్లను కంపెనీ వెనక్కి పిలిచి బాగుచేయడం. కంపెనీ రీకాల్ ఉత్తరం జపాన్‌లో పాత ఓనర్‌కి వెళ్తుంది. బండి ఓడ ఎక్కాక ఆ ఉత్తరం మీకు రాదు. టకాటా అనే కంపెనీ చేసిన ఎయిర్‌బ్యాగుల విషయం తెలుసుగా, వేడికీ తేమకీ లోపలి రసాయనం చెడి, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునేటప్పుడు ఇనుప ముక్కలు ఎగిరి మనుషులు చనిపోయారు. అవి చాలా కంపెనీల బండ్లలో ఉన్నాయి. తయారీదారు జపాన్ వెబ్‌సైట్‌లో చాసిస్ నంబరు కొడితే మీ బండికి ఏ రీకాల్ మిగిలిందో చూపిస్తుంది. పిల్లల్ని ఎక్కిస్తానన్నారు, దయచేసి ఇది మాత్రం మీరే స్వయంగా చూడండి.

రేవుదగ్గర:

చిన్న చేర్పు. అన్ని బండ్లూ ఆక్షన్ నుంచే రావు, నేరుగా జపాన్ డీలర్ దగ్గర కొన్నవాటికి షీట్ ఉండదు. అప్పుడు స్వతంత్ర ఇన్‌స్పెక్షన్ తప్ప దారి లేదు. వరదలో మునిగిన బండా అని చూడాలంటే సీటు బెల్టుని చివరిదాకా లాగండి, బెల్టు చివరి భాగం ఎవరూ కడగరు, బురద గీత అక్కడ మిగిలిపోతుంది. సీటు పట్టాల బోల్టులు, డిక్కీలో స్టెప్నీ కింది గుంత కూడా.

నావిగేషన్ జపనీస్‌లోనే ఉంటుంది. బ్యాటరీ తీసి పెడితే కొన్ని సెట్లు పాస్‌వర్డ్ అడిగి లాక్ అవుతాయి. రేడియోలో చాలా స్టేషన్లు రావు, అక్కడి ఎఫ్ఎం బ్యాండు 76 నుంచి మొదలవుతుంది. ఇవి బేరానికి పనికొస్తాయి, వద్దనడానికి కారణాలు కావు. టైర్ల మీద తయారైన వారం, ఏడాది చెప్పే నాలుగంకెల తేదీ చూడండి, మంచు టైర్లతోనే పంపేస్తుంటారు. వేడి రోడ్డు మీద అవి త్వరగా అరుగుతాయి.

ఆక్వా వదిలేసి హోండా ఫిట్ హైబ్రిడ్ వైపు వెళ్తే 2013లో వచ్చిన మోడల్‌కి గేర్‌బాక్సు విషయంలో వరసగా రీకాల్స్ జరిగాయి. అవన్నీ పూర్తయ్యాయని రుజువు అడగండి.

తొలికారు:

అందరికీ చాలా థ్యాంక్స్. షీట్ తెప్పించాను. గ్రేడు 4.5 నిజమే, మైలేజీ కూడా కలిసింది. ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ చూపించాడు, అదీ సరిపోయింది. రీకాల్ ఏదీ పెండింగ్ లేదు. కానీ షీట్‌లో చేతిరాత ఉన్న గడిలో ఒక మాట ఉంది, జపనీస్ వచ్చిన స్నేహితురాలు చదివి "అడుగుభాగం తుప్పు" అంది. డీలర్ ఆ సంగతి ఎత్తలేదు. అడిగితే "అందుకే కింద కోటింగ్ వేయించాం" అంటున్నాడు. వంగి చూస్తే అంతా నల్లగా, కొత్తగా ఉంది. ఏం చేయమంటారు?

పానాపట్టినవాడు:

ఆ నల్లరంగే నాకు నచ్చడం లేదు తమ్ముడూ. హొక్కైడో, తొహోకు, నీగాతా లాంటి మంచు ప్రాంతాల్లో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. అక్కడ తిరిగిన బండికి పైన మెరుపు, కింద తుప్పు. తుప్పు గీకి శుభ్రం చేసి కోటింగ్ వేస్తే తప్పు లేదు. గీకకుండా పైన పూసేస్తే లోపల తినుకుంటూనే ఉంటుంది, బయటికి కనబడదు. ఇన్‌స్పెక్టర్ ప్రత్యేకంగా చేత్తో రాశాడంటే ఆ రోజు అతనికి కనబడింది.

బండిని లిఫ్ట్ ఎక్కించు, వంగి చూస్తే తెలియదు. సైలెన్సర్ గొట్టం మీద ఎర్రగా ఉన్నా పట్టించుకోకు, అది అన్ని బండ్లకీ ఉంటుంది. బ్రేకు పైపులు, సబ్‌ఫ్రేము (ఇంజిన్, సస్పెన్షన్ బిగించే చట్రం) అతుకులు, సస్పెన్షన్ బోల్టులు, వెనక చక్రాల పైన స్ప్రింగు కూర్చునే చోటు, ఈ నాలుగూ మెకానిక్‌కి చూపించు, అతుకులూ స్ప్రింగు చోటూ స్క్రూడ్రైవర్ పిడితో కొట్టించి చూడు. గట్టి ఇనుము ఖంగుమంటుంది. మొద్దుగా మోగినా, నల్లపొర పెచ్చులుగా ఊడినా అక్కడ గీకమను. కోటింగ్ పోతుందని డీలర్ గీకనివ్వకపోతే తాళం ఇచ్చేసి వచ్చేయి. గీకి చూస్తే గట్టిగా ఉందనుకో, గ్రేడు, మైలేజీ, బ్యాటరీ బాగున్న ఆక్వా మంచి బండే. తుప్పు మాట దాచినందుకు ధర తగ్గించమని అడుగు, అడ్వాన్స్ ఆ తర్వాత ఇవ్వు. లిఫ్ట్ మీద ఉండగా ఫోటోలు తీసి ఇక్కడ పెట్టు, నేనూ చూస్తాను.