నానోజైమ్ పొడి వస్తే ఎంజైములకు ఇక సెలవేనా?

పలమనేరు_పాలక్యాను: మా పాలకేంద్రంలో హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపిన పాలు పట్టుకోవడం పెద్ద టెన్షన్. నానోజైమ్ అని, ఎంజైమ్‌లా పనిచేసే ఐరన్ ఆక్సైడ్ నానో పొడి ఉందంట, ఎండకి పాడవదంట, అదే పొడి క్యాన్సర్ మందు కూడా అవుతుందంట. నమ్మొచ్చా?

నానో_అన్న: నమ్మొచ్చు. చైనాలో యాన్ షియున్ బృందం 2007లోనే చూపించింది, ఐరన్ ఆక్సైడ్ కణాలు పెరాక్సిడేస్ ఎంజైమ్ చేసే పనే చేస్తాయని. ఆ కణాలు వేసినప్పుడు పెరాక్సైడ్ ఉంటే టీఎంబీ అనే రంగు మారే ద్రావణం నీలంగా మారుతుంది. 90 డిగ్రీల వేడిలో ఉంచి తీసినా ఆ కణాల పని చెడలేదు. ఫ్రిజ్జులో పెట్టే ఎంజైమ్‌కి మన తిరుపతి మే నెలలో కరెంటు పోతే గతేంటి?

గాడ్‌పాడ్_అక్క (ల్యాబ్ టెక్నీషియన్, తిరుపతి): అన్నా, సగమే చెప్పారు. ఆ కణాలు బాగా పనిచేసేది పీహెచ్ (పులుపు కొలత, తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4 దగ్గర, పాలు 4.6 దగ్గరే విరిగిపోతాయి. తెల్లవారుజామున క్యాన్లు వరసలో ఉంటే పాలు విరగ్గొట్టి, వడకట్టి, తేటలో రంగు చూస్తూ ఎవరు కూర్చుంటారు? పైగా పచ్చిపాలలోనే లాక్టోపెరాక్సిడేస్ అనే ఎంజైమ్ ఉంటుంది, పారాఫినైలిన్ డయమీన్ అనే రసాయనం చుక్కలు వేస్తే పెరాక్సైడ్ ఉన్న పాలు నీలంగా తిరుగుతాయి, నానో ఎందుకు? మా ల్యాబులో షుగర్ చూసే గాడ్-పాడ్ కిట్‌లో గ్లూకోజ్ ఆక్సిడేస్ అనే ఎంజైమ్ గ్లూకోజ్‌నే పడుతుంది, ఈ పొడికి ఆ ఎంపిక లేదు, దొరికినదాన్నల్లా ఆక్సిడైజ్ చేస్తుంది. కణం సైజు, పూత కాస్త మారినా రీడింగ్ మారుతుంది, ఈ బ్యాచ్‌కి ఆ బ్యాచ్‌కి పొంతన లేకపోతే పేషెంట్‌కి ఏం చెప్పాలి?

ఇక మందు సంగతి. అదే నానో కణం మామూలు పీహెచ్‌లో పెరాక్సైడ్‌ని నీళ్ళు, ఆక్సిజన్‌గా విడగొడుతుంది, ఆమ్లం ఉన్నచోట హైడ్రాక్సిల్ రాడికల్స్ అనే, దేన్నైనా దెబ్బతీసే అణువుల్ని పుట్టిస్తుంది. మన ఒంటి కణంలో (సెల్) లైసోసోమ్ అనే చిన్న సంచి ఆమ్లంగానే ఉంటుంది కదా. క్యాన్సర్ గడ్డలో పనికొచ్చే గుణమే లివర్‌లో పేరుకుంటే కీడు.

నానో_అన్న: ఫెరుమాక్సిటాల్ అనే మందు కూడా ఐరన్ ఆక్సైడ్ నానో కణమే, 2009లో అమెరికాలో మందులకి అనుమతిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ రక్తహీనతకి అనుమతించింది. దాన్నే పళ్ళ గార మీద ప్రయోగించారు, అక్కడి ఆమ్లంలోనే అది బ్యాక్టీరియాని చంపుతుంది. మీరు లోపం అంటున్న పీహెచ్చే అక్కడ బలం.

గాడ్‌పాడ్_అక్క: పళ్ళ మీద సరే, అది పైపైన చేసే పని. ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది ఐరన్ కోసం, ఎంజైమ్ పని కోసం కాదు. ప్రాణం మీదికి వచ్చే అలర్జీ ఉండొచ్చని 2015లో హెచ్చరిక కూడా గట్టి చేశారు. ఆ అనుమతి చూపించి క్యాన్సర్ మందు అనేస్తే ఎట్లా?

పలమనేరు_పాలక్యాను: మరి కాచిన పాలకో అక్కా? 80 డిగ్రీలు దాటితే పాలలో ఎంజైమ్ చచ్చిపోతుందంటారే, అప్పుడు మీ చుక్కల్ని నమ్మేదెట్లా?

గాడ్‌పాడ్_అక్క: అక్కడైతే అన్న పొడి వాడుకో తమ్ముడూ, తేట తీసి చూసే ఓపికుంటే. రక్తంలోకి మాత్రం ఇప్పుడే ఎక్కించమనకండి.