ఘస్సాన్ కనఫానీ ప్రేమలేఖల్ని ఘాదా అల్ సమ్మాన్ అచ్చు వేయడం సబబేనా?

చదువరి: కనఫానీ పాలస్తీనా రచయిత, 'అల్ హదఫ్' పత్రిక సంపాదకుడు. 1972 జులై 8న బీరూట్‌లో కారుబాంబు పేలి మేనకోడలు లమీస్‌తో పాటు చనిపోయాడు. తనకు ఆయన రాసిన ప్రేమలేఖల్ని సిరియా రచయిత్రి ఘాదా 1992లో పుస్తకంగా వేసింది. ఆ లేఖలు రాసేనాటికే ఆయనకు పెళ్లయింది. భార్య ఆనీ బతికుండగానే అవి జనం చేతుల్లో పడ్డాయి. పైగా ఘాదా రాసిన జవాబు ఒక్కటీ అందులో లేదు. నా దృష్టిలో ఇది అన్యాయం.

సిరామరక: జవాబులు లేకపోవడంలో కపటం లేదండీ. ఎవరికైనా తమకు వచ్చిన ఉత్తరాలే మిగులుతాయి, తాము రాసినవి అవతలివాళ్ల దగ్గరుంటాయి. తన లేఖలు ఎవరి దగ్గరున్నా ఇమ్మని ఆవిడ ముందుమాటలోనే అడిగింది.

ఇక ఈ పనిని ఆవిడ జీవితం నుంచి విడదీసి చూడకండి. 1942లో డమాస్కస్‌లో పుట్టింది. తండ్రి అక్కడి విశ్వవిద్యాలయానికి అధిపతి. మొదటి కథల సంపుటి 1962లోనే వచ్చింది. చదువుకని బీరూట్ వెళ్లి పత్రికల్లో స్థిరపడింది. అనుమతి లేకుండా దేశం దాటిందని 1966లో సిరియాలో మూడు నెలల జైలుశిక్ష వేశారు. తండ్రి కూడా అదే ఏడు పోయాడు. ఏ అండా లేని ఆ రోజుల నాటివే ఈ లేఖలు. వాటిలో ఒకటి గాజా నుంచి, 1966 నవంబరు తేదీతో ఉంది. వీరుడు కూడా ప్రేమకోసం బతిమాలిన మనిషేనని తెలిస్తే ఆయన ఎక్కడ తగ్గాడు?

చదువరి: ఆయన తగ్గాడని నేననలేదు. ఆనీని ఎవరు అడిగారన్నదే నా ప్రశ్న.

అచ్చుబల్ల: అసలు పేచీ అక్కడే ఉంది. ఉత్తరం కాగితం అందుకున్నవాళ్లది. అందులోని రాతమీద హక్కు మాత్రం రాసినవాళ్లది, వాళ్లు పోతే వారసులది. మన దేశ చట్టమూ అంతే. లేఖల సంపుటం వేసేవాళ్లు ముందు వారసుల అంగీకారం తీసుకోవాలి, తేదీ లేనివాటికి ఏ ఆధారంతో వరస కట్టారో చెప్పాలి, కోసేసిన చోట చుక్కలు పెట్టాలి. ఇవన్నీ గట్టిగా అడిగేది బయటి ప్రచురణకర్త.

ఘాదాకు ఆ బయటివాడు లేడు. 1977లో తన పేరుతోనే ప్రచురణ సంస్థ పెట్టుకుంది, భర్త బషీర్ అల్ దావూక్‌కు 'దార్ అల్ తలీఆ' సంస్థ ఉన్నా సరే. పత్రికా రచనల్ని కూడా 'అసంపూర్ణ రచనలు' వరసలో తనే వేసుకుంది. మాట మీద ఇంకొకరి కత్తెర పడనివ్వని ఆ పట్టుదలంటే నాకు గౌరవం. లెబనాన్ అంతర్యుద్ధంలో బీరూట్ హోటళ్ల మధ్య పోరు జరుగుతుంటే ఇంట్లో చిక్కుకుపోయి రాసిన నవల 'బీరూట్ పీడకలలు' చూడండి. పక్కనున్న పెంపుడు జంతువుల దుకాణంలో బోనుల్లో మాడిపోతున్న కుక్కలు, పిల్లులు, పక్షులు ఊరి జనానికి ప్రతిరూపాలై కనిపిస్తాయి. అంత నిర్దాక్షిణ్యంగా చూడగలిగిన కన్ను అది. కానీ తన సరుకు తాను వేసుకునే స్వేచ్ఛ, ఇంకొకరి రాత విషయానికొచ్చేసరికి అడ్డూ అదుపూ లేనిదైంది.

సిరామరక: వారసుల్ని అడిగితే ఆ లేఖలు ఎప్పటికీ బయటికొచ్చేవి కావు.

అచ్చుబల్ల: అలాగైతే ఉన్సీ అల్ హజ్ సంగతేమిటి? ఆ లెబనాన్ కవి 1963లో తనకు రాసిన తొమ్మిది ఉత్తరాల్ని ఘాదా 2016లో వేసింది. ఆయన పోయింది 2014లో. నోరారా ఆయన్నే అడగడానికి యాభై ఏళ్లు చేతిలో ఉన్నాయి కదా.