ఆరో నెల, ఆఫీసు కుర్చీ, నడుం నొప్పి: మీరేం చేశారు?

బెంజిసర్కిల్_అమ్మాయి
నాకిప్పుడు ఆరో నెల. గవర్నర్‌పేటలో అకౌంట్స్ పని, పొద్దస్తమానం కంప్యూటర్ ముందే. మధ్యాహ్నం మూడు దాటేసరికి నడుం పట్టేస్తోంది, లేవాలంటే టేబుల్ పట్టుకోవాల్సిందే. కుర్చీ దించితే కీబోర్డు అందదు, పెంచితే కాళ్లు వేలాడుతున్నాయి. నెలలు నిండేదాకా ఉద్యోగం చేసినవాళ్లు కాస్త చెప్పండి.

బ్రాడీపేట_అక్క
చెల్లీ, కుర్చీ దించకు. చేతులకి తగ్గట్టు పైనే ఉంచి కాళ్ల కింద ఏదైనా పెట్టుకో. నేను ముందు రెండు ఏ4 పేపర్ కట్టలు పెట్టుకున్నా, తర్వాత ఇంట్లో చెక్కపీట తీసుకెళ్లా. పాదాలు పూర్తిగా ఆనాలి. ఇంకోటి, పాత తువ్వాలు గట్టిగా చుట్టి రెండు చివర్లా రబ్బరు బ్యాండ్లు వేసి, నడుం లోపలికి వంగే చోట పెట్టు. నేను మొదట దిండు పెడితే అది మనిషిని ముందుకి తోసేసి నొప్పి ఇంకా ఎక్కువైంది. తువ్వాలు చుట్ట మణికట్టు కంటే కాస్త లావుంటే చాలు, కానీ కుర్చీలో పూర్తిగా వెనక్కి జరిగి కూర్చోవాలి, అంచున కూర్చుంటే ఏం పెట్టినా లాభం లేదు.

పటమట_ఫిజియో
అక్క చెప్పింది సరైనదే. పొట్ట బరువు ముందుకి లాగుతుంది, నడుం వంపు పెరుగుతుంది, హార్మోన్ల వల్ల కటి దగ్గర కీళ్ల పట్టు కూడా వదులవుతుంది. అందుకే ఎంత మంచి కుర్చీ అయినా అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయాలండి. పక్కనున్న ఫైలు కోసం నడుం మెలితిప్పకండి, కుర్చీతో సహా తిరగండి. రాత్రి పక్కకి తిరిగి పడుకుని మోకాళ్ల మధ్య దిండు పెట్టుకోండి. నడుం బెల్టు మాత్రం డాక్టర్ని అడిగాకే కొనండి. నొప్పి ఆగి ఆగి వస్తూ పొట్ట బిగుసుకుంటున్నా, రక్తం కనిపించినా, ఉమ్మనీరు పోతున్నా, జ్వరంతో మూత్రంలో మంట ఉన్నా ఇక్కడ అడుగుతూ కూర్చోకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

గుంటూరు_టు_బెజవాడ
నేను రోజూ బస్సులో వెళ్లేదాన్ని. వెనక చక్రాల మీద సీటులో కూర్చుంటే ఒక్కో స్పీడ్‌బ్రేకర్ నడుంలోనే దిగేది, మధ్య సీటు దొరక్కపోతే ఒక బస్సు వదిలేసేదాన్ని. మా ఆఫీసులో పీట అడిగితే "మా ఆడవాళ్లు ఇవన్నీ లేకుండానే కన్నారు" అన్నారు, ఆ మాటకి బాత్రూంలోకెళ్లి ఏడ్చాను. తర్వాత డాక్టర్ చేత రాయించుకుని మెయిల్ పెడితే రెండు రోజుల్లో కుర్చీ మార్చారు. నోటితో అడక్కు అమ్మా, రాతలో అడుగు. సెలవు లెక్క కూడా ఇప్పుడే చూసుకో, ప్రసూతి సెలవు చట్టానికి 2017లో చేసిన సవరణతో మొదటి ఇద్దరు పిల్లలకి 26 వారాలు అయింది, అందులో 8 వారాల వరకు కాన్పుకి ముందే తీసుకోవచ్చు.

బెంజిసర్కిల్_అమ్మాయి
అక్కలందరికీ థాంక్స్. వారం నుంచి తువ్వాలు చుట్ట, కాళ్ల కింద పీట వాడుతున్నా. నొప్పి పూర్తిగా పోలేదు, కానీ నిన్న ఐదున్నరకి టేబుల్ పట్టుకోకుండానే లేచాను. మెయిల్ ఈ రాత్రికే రాస్తాను.