కొత్త షేర్ల జారీ: సీఈఓ ఫైనాన్స్ చదువు మార్కెట్‌కు భరోసా ఇస్తుందా?

పరిశోధకురాలు:
లిస్టయిన కంపెనీ మళ్లీ కొత్త షేర్లు జారీ చేస్తామని ప్రకటించగానే షేరు ధర సాధారణంగా పడిపోతుంది. అమెరికా పారిశ్రామిక కంపెనీలపై 1986లో ఆస్క్విత్, మలిన్స్ ప్రచురించిన అధ్యయనంలో ఆ పతనం సగటున 3 శాతం దాకా ఉంది. కంపెనీ సారథికి, అంటే సీఈఓకు, ఫైనాన్స్ చదువు ఉంటే ఈ పతనం తగ్గుతుందని నా వాదన. ప్రాజెక్టు నికర ప్రస్తుత విలువను (ముందుముందు వచ్చే డబ్బును నేటి విలువలోకి మార్చి, పెట్టుబడిని తీసేస్తే మిగిలేదాన్ని) లెక్కగట్టడం, ఆ లెక్కను మదుపరుల ముందు సమర్థించుకోవడం వారికి వచ్చు కదా.

మదుపరి:
లెక్క రావడం వేరు, నమ్మకం కలగడం వేరండి. కంపెనీ అసలు విలువ లోపలివారికే బాగా తెలుసు కనుక, ధర ఆ విలువను మించినప్పుడే షేర్లు అమ్మజూపుతారని మార్కెట్ శంకిస్తుందని 1984లోనే ఆర్థిక పరిశోధకులు మైయర్స్, మజ్లూఫ్ వివరించారు. ధర ఎప్పుడు మితిమీరిందో పసిగట్టడంలో ఆరితేరిన యాజమాన్యమైతే ఆ శంక పెరగాలి గానీ తగ్గడమెందుకు? 2001లో గ్రాహం, హార్వీ ప్రచురించిన సర్వేలో 392 మంది సీఎఫ్‌ఓలు (కంపెనీల ఆర్థిక వ్యవహారాల అధిపతులు) పాల్గొన్నారు. షేర్ల జారీని ఆలోచించేటప్పుడు తమ షేరు ధర ఎక్కువగా ఉందా, తక్కువగా ఉందా అన్నది ముఖ్యమేనని సమాధానమిచ్చినవారిలో దాదాపు మూడింట రెండు వంతుల మంది చెప్పారు. ఇక చదువుకున్నవారిని చూసి మదుపరి ఏ ధైర్యంతో కొనాలి?

గణాంక విద్యార్థి:
మీరిద్దరూ ఒక చిక్కును వదిలేశారు. కస్టోడియో, మెట్జ్‌గర్ 2014లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఫైనాన్స్ రంగంలో పనిచేసి వచ్చిన సీఈఓలను ఎక్కువగా నిలదొక్కుకున్న కంపెనీలే తీసుకుంటాయి. అలాంటి కంపెనీల గురించి బయటివారికి ముందే చాలా తెలిసి ఉంటుంది కాబట్టి, ధర తక్కువగా పడితే ఆ ఘనత సీఈఓదో కంపెనీదో విడదీసి చెప్పలేం. పైగా ఆ పరిశోధకులు చూసింది సీఈఓల ఉద్యోగానుభవాన్ని, డిగ్రీని కాదు.

పరిశోధకురాలు:
ఆ పరిశోధనలోనే ఇంకో సంగతీ ఉంది: అలాంటి సీఈఓల కంపెనీలు అప్పు ఎక్కువగా వాడతాయి, నగదు తక్కువగా ఉంచుకుంటాయి. అప్పు తేలిగ్గా తెచ్చుకోగలిగినవారు షేర్ల వైపు వచ్చారంటే కారణమేమిటని మార్కెట్ తప్పక అడుగుతుంది. జవాబు ఆఫర్ పత్రంలో నిధుల వినియోగం చెప్పే పేజీలో దొరకాలి. అక్కడ ‘సాధారణ కార్పొరేట్ అవసరాలు’ అన్న ఒక్క మాటే ఉంటే మదుపరి గారి అనుమానమే సరైనది, సారథికి ఎంత పెద్ద డిగ్రీ ఉన్నా సరే. ఏ ప్లాంటుకు ఎంత, ఏ అప్పు తీర్చడానికి ఎంత, ఎప్పటిలోగా అన్నది విడివిడిగా రాసి ఉంటే, తర్వాత నిలదీయడానికి మదుపరులకు ఆధారం దొరుకుతుంది. చదువు ప్రభావం ఉంటే, అది ఈ పేజీ ద్వారానే పనిచేస్తుందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

గణాంక విద్యార్థి:
అలాగైతే పరీక్షించే వీలుంది. ఒకే కంపెనీలో సీఈఓ పదవీ విరమణ వయసు వచ్చి తప్పుకున్న సందర్భాలను తీసుకుని, ముందూ వెనకా జరిగిన జారీలను, ఆ పేజీలోని వివరాలతో సహా పోల్చాలి. సంక్షోభంలో సీఈఓను మార్చిన కంపెనీలను మాత్రం పక్కన పెట్టాలి. అక్కడ ధర కదలికకు వేరే కారణాలు చాలా ఉంటాయి.