ఏడేళ్ల పాపతో కుద్రేముఖ్: ముల్లోడి దారా, కురింజల్ దారా?

దసరా సెలవుల్లో బెంగళూరు నుంచి కుద్రేముఖ్ నేషనల్ పార్కుకి కారులో వెళ్దామనుకుంటున్నాం. నేను, మా ఆయన, పదేళ్ల బాబు, ఏడేళ్ల పాప, మా అత్తయ్యగారు. సుమారు 330 కిలోమీటర్ల ప్రయాణం, అది పర్వాలేదు. తేలనిది నడక సంగతే.

కుద్రేముఖ్ శిఖరం ఎత్తు 1,890 మీటర్ల పైనే. కొండ కింద ఉన్న ముల్లోడి అనే ఊరి నుంచి ఎక్కి దిగేసరికి దాదాపు 20 కిలోమీటర్లు. సాయంత్రంలోగా కిందికి వచ్చేయాలి, పైన టెంట్ వేయనివ్వరు. బాబు నడిచేస్తాడు. పాప మాత్రం కబ్బన్ పార్కులో ఒక చుట్టు తిరిగితేనే "అమ్మా, ఎత్తుకో" అంటుంది. అందుకే దూరం తక్కువని, అదే పార్కులోని ఇంకో శిఖరం కురింజల్ వైపు మొగ్గుతున్నాను. చిన్నపిల్లలతో అక్కడికి ఎక్కినవాళ్లున్నారా? చివర్లో బండలు బాగా జారతాయా?

టెంట్ సరదాకి భద్రా నది ఒడ్డున భగవతి నేచర్ క్యాంప్ ఉంది కదా. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు. అక్కడ కమోడ్ ఉంటుందా? మేం కొండెక్కినంతసేపూ ఆవిడ క్యాంపులోనే ఉండొచ్చా?

అసలు టెన్షన్ జలగలతో. వానలు తగ్గినా షోలా అడవిలో (కొండల మడతల్లో పెరిగే దట్టమైన అడవి) తడి ఆకుల మీద ఉంటాయట. పెద్దవాళ్ల లీచ్ సాక్స్ (జలగలు పట్టకుండా వేసుకునే పొడవాటి మేజోళ్లు) తొడిగి చూస్తే పాపకి తొడల దాకా వచ్చి, రెండడుగులకే మడమల దగ్గర కుప్పగా జారిపోయాయి. పిల్లల సైజు బెంగళూరులో ఎక్కడ దొరుకుతుంది? మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన కాళ్లకి పొగాకు నీళ్లు రాయమన్నారు. చిన్నపిల్లలకి అది నేను రాయను. ఉప్పు మూట ఒక్కటీ సరిపోతుందా?